ఒకే కంపెనీ వాల్వ్ మామయ్యకు 12 ఏళ్లయినా బాగుంది, అక్కకు 9 ఏళ్లకే ఎందుకు పాడైంది?

మీ ప్రశ్నను ముందు రెండు ముక్కల్లో చెప్పేస్తాను, మిగతావాళ్లకూ అర్థం కావాలి కదా. మీ మేనమామగారికి 71వ ఏట చెన్నైలో గుండెలోని అయోర్టిక్ వాల్వ్ (గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్లే దారిలోది) తీసి బయోవాల్వ్ (జంతువుల కణజాలంతో చేసినది) వేశారు. 12 ఏళ్లయింది, ఇప్పటికీ పొద్దున్నే బీచ్‌కి వెళ్లి నడిచి వస్తున్నారు. మీ అక్కగారికి 25వ ఏట, పెళ్లికి ముందు, మైట్రల్ చోట (గుండె ఎడమ వైపు పై గదికీ కింది గదికీ మధ్య) అదే కంపెనీ బయోవాల్వ్ వేశారు. ఇద్దరు పిల్లలు పుట్టారు. 9 ఏళ్లకే వాల్వ్ పాడైంది, మళ్ళీ ఆపరేషన్ అంటున్నారు. అక్కకు నాసిరకం పీసు అంటగట్టారేమో అన్నది మీ అనుమానం. ఈసారి ఏది వేయించాలన్నది రెండో ప్రశ్న.

మోసం జరిగిందని నాకు అనిపించడం లేదు. 25 ఏళ్ల అమ్మాయికి, అదీ మైట్రల్ చోట, బయోవాల్వ్ 9 ఏళ్లు పనిచేసిందంటే మరీ తక్కువేమీ కాదు. కోపం రావడం సహజమే, కానీ ఆ కోపం హాస్పిటల్ మీద చూపించాల్సిన కేసు కాదనుకుంటున్నాను.

నేను సర్జన్‌ని కాను, కార్డియాలజిస్టుని. మాది నెల్లూరు వైపు. 22 ఏళ్లుగా చెన్నైలో ఎక్కువ భాగం ఎకో (గుండె స్కానింగ్) గదిలోనే గడిచిపోయింది. వాల్వ్ వేసేది సర్జన్లు. ఆ తర్వాత అది ఏడాదికేడాది ఎలా ముసలిదవుతోందో చూసేది నాలాంటి వాళ్లం. నెల్లూరు, తిరుపతి, కడప నుంచి తెల్లవారుజామున బండెక్కి వచ్చే మనవాళ్లు బెడ్ మీద పడుకోకముందే అడిగే మాట ఒకటే: "ఎన్నేళ్లు గ్యారంటీ సార్?"

ఈ మాటకు నేనూ ఒకప్పుడు తప్పు జవాబు చెప్పాను. అప్పటికి నాకు అనుభవం తక్కువ. 19 ఏళ్ల కుర్రాడు, కీళ్లవాతపు జ్వరంతో మైట్రల్ వాల్వ్ పూర్తిగా దెబ్బతింది. రక్తం పలచబడే మాత్రలూ, నెలనెలా టెస్టులూ వాళ్ల ఊళ్లో కుదరవని బయోవాల్వ్ అనుకున్నారు. వాళ్ల నాన్న అడిగితే, కంపెనీ కాగితంలో చదివిందే చెప్పాను: "15 ఏళ్లు ఢోకా లేదండీ." ఆరో ఏడు ఆ పిల్లాడు మెట్లెక్కలేక మళ్ళీ వచ్చాడు. ఎడమ పక్కకు తిరిగి పడుకోమని ప్రోబ్ పెట్టగానే తెలిసిపోయింది. పూరేకుల్లా తెరుచుకోవాల్సిన మూడు రెక్కల్లో రెండు కదలడం లేదు. మూడోది అంచున చిరిగి, రక్తం వెనక్కి చిమ్ముతోంది. ఆపరేషన్ అయ్యాక సర్జన్ ఆ పాత వాల్వ్‌ను ఫార్మలిన్ సీసాలో తెచ్చి చూపించారు. తడి గుడ్డలా వంగాల్సిన రెక్క వేయించిన అప్పడంలా ఉంది. ఫోర్సెప్స్‌తో తాకితే కరకరమంది. వాళ్ల నాన్న నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అదే ఇప్పటికీ గుర్తుంది. ఆ తర్వాత నేనెవరికీ వయసు అడక్కుండా ఏళ్లు చెప్పలేదు.

అసలు బయోవాల్వ్ అంటే ఏమిటో కాస్త చూద్దాం. ఆవు గుండె చుట్టూ ఉండే పొరను కత్తిరించి కుట్టినది ఒక రకం, పంది వాల్వ్‌నే శుభ్రం చేసి అమర్చినది ఇంకో రకం. రెండింటినీ గ్లూటరాల్డిహైడ్ అనే రసాయనంలో నానబెడతారు. 1960ల చివర్లో ఫ్రెంచ్ సర్జన్ అలాన్ కార్పెంతియే తెచ్చిన పద్ధతి ఇది. నిజానికి ఇది తోలు శుద్ధి చేయడమే. మన క్రోంపేటకు ఆ పేరు వచ్చింది కూడా ఒకప్పటి క్రోమ్ లెదర్ కంపెనీ వల్లే కదా, పని సూత్రం దాదాపు అదే. పచ్చి తోలు కుళ్లకుండా, చిరగకుండా గట్టిపడుతుంది, ఒంటికి పరాయిదని తెలియజేసే గుర్తులు చాలావరకు చెరిగిపోతాయి. అయితే శుద్ధి చేసిన తోలు చచ్చిన తోలే. మన సొంత వాల్వ్‌లో కణాలు బతికుండి చిన్నచిన్న అరుగుదలను ఎప్పటికప్పుడు సరిచేసుకుంటాయి. బయోవాల్వ్‌కు ఆ సదుపాయం లేదు. నిమిషానికి 72 సార్ల లెక్కన రోజుకు లక్ష సార్లకు పైగా, ఏడాదికి 3 కోట్ల 78 లక్షల సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. ఒక్కసారి కూడా రిపేరు ఉండదు.

మరి అదే తోలు ముసలివాళ్లలో ఎక్కువ కాలం, కుర్రవాళ్లలో తక్కువ కాలం రావడమేమిటి? ఇక్కడ మూడు నాలుగు సంగతులు కలిసి పనిచేస్తాయి.

అన్నిటికంటే ముఖ్యం కాల్షియం. రసాయనంలో చచ్చిపోయిన కణాల పొరల అవశేషాలు ఆ కణజాలంలోనే ఉండిపోతాయి. గ్లూటరాల్డిహైడ్ తాలూకు మిగులు కొసలూ ఉంటాయి. రక్తంలోని కాల్షియం, ఫాస్ఫేట్ వీటిని పట్టుకుని పేరుకుంటాయి. ఎముకలు ఇంకా పెరుగుతున్న పిల్లల్లో ఈ ఖనిజాల రాకపోకలు చాలా జోరుగా ఉంటాయి, అందుకే పిల్లల్లో బయోవాల్వ్‌లు మరీ త్వరగా సున్నం కడతాయి. డయాలసిస్ మీద ఉన్నవాళ్లను చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. వాళ్లకు 60 ఏళ్లున్నా సరే, కాల్షియం, ఫాస్ఫేట్ అదుపు తప్పుతాయి కాబట్టి వాల్వ్ తొందరగా గట్టిపడే ప్రమాదం ఉంటుంది. ఒక మాట, ఇది విని అక్కగారికి పాలు, పెరుగు మాన్పించకండి. తినే కాల్షియానికీ దీనికీ సూటి సంబంధం లేదు. ఒక తల్లి కూతురికి మూడేళ్లు మజ్జిగ కూడా పోయలేదని తెలిసి తల పట్టుకున్నాను.

రెండోది రోగనిరోధక శక్తి. ఆవు, పంది కణజాలంలో ఆల్ఫా-గాల్ అనే చక్కెర ఉంటుంది. మనుషుల్లో ఉండదు. ఎంత శుద్ధి చేసినా దాని జాడ కొంత మిగిలే ఉంటుంది. వయసులో ఉన్న ఒళ్లు అలాంటి పరాయి వస్తువును చురుగ్గా కనిపెట్టి దాడి చేస్తుంది, వయసు మళ్లిన ఒంటికి అంత ఓపిక ఉండదు. జలుబు చేసినప్పుడు మనల్ని కాపాడే గుణమే ఇక్కడ ఎదురు తిరుగుతుంది. మూడోది పని భారం. 25 ఏళ్ల మనిషి పరుగెత్తుతుంది, బరువులెత్తుతుంది, గర్భం దాలుస్తుంది. ఆ సమయాల్లో గుండె వేగం, వాల్వ్ గుండా పోయే రక్తం బాగా పెరుగుతాయి.

గర్భం మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను, పిల్లల్ని కనడం వల్లే వాల్వ్ పోయిందని ఎవరైనా అక్కగారిని అంటే నమ్మకండి. ఒకప్పుడు డాక్టర్లం కూడా అలాగే అనుకునేవాళ్లం. పిల్లలు పుట్టినవాళ్లనూ పుట్టనివాళ్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే, తేడాలో ఎక్కువ భాగం వయసుదేనని తర్వాతి పరిశీలనల్లో కనిపించింది. అత్తవారింట్లో ఈ మాట పడ్డవాళ్లను చాలామందిని చూశాను, అందుకే రాస్తున్నాను.

ఇప్పుడు అంకెలు. ఫ్రాన్స్‌లోని టూర్ నగరంలో ఆవు పొరతో చేసిన ఒకే రకం అయోర్టిక్ వాల్వ్‌లు 2,659 మందికి వేసి, ఇరవై ఏళ్లకు పైగా వెంటబడి చూసిన ఫలితాలు 2015లో అచ్చయ్యాయి. 15 ఏళ్లు గడిచేసరికి వాల్వ్ అరిగిపోయి మళ్ళీ ఆపరేషన్ చేయాల్సిన అవసరం రానివాళ్లు, 60 లోపు వయసులో వేయించుకున్నవాళ్లలో నూటికి 71 మంది, 60–70 మధ్యవాళ్లలో 83 మంది, 70 దాటినవాళ్లలో 98 మంది. 20 ఏళ్ల దగ్గర 60 లోపువాళ్ల అంకె 38కి పడిపోయింది. అదే ఏడాది అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ 12,569 మంది లెక్క బయటపెట్టింది. అరిగిన వాల్వ్‌ను 20 ఏళ్ల లోపు తీసేయాల్సి రావడం మొత్తం మీద 15 శాతం, 60 లోపువాళ్లలో 46 శాతం. దేశాలు వేరు, సర్జన్లు వేరు, కథ ఒకటే.

కానీ ఆ 98ని నేను ఉన్నదున్నట్టు నమ్మను. ఎందుకంటే ఇలాంటి లెక్కల్లోకి ఎక్కేది మళ్ళీ ఆపరేషన్ దాకా వెళ్లినవాళ్లే. 86 ఏళ్ల పెద్దాయనకు వాల్వ్ అరిగి ఆయాసం వస్తే, ఈ వయసులో మళ్ళీ ఛాతీ తెరవడం వద్దులెమ్మని మాత్రలతో నెట్టుకొస్తాం. ఆ వాల్వ్ పాడైనట్టు ఏ పట్టికలోనూ ఉండదు. ఇంకొకటి, 71వ ఏట వేయించుకున్నవాళ్లలో 15 ఏళ్ల తర్వాత పరీక్షకు వచ్చేంత కాలం బతికేవాళ్లే కొద్దిమంది. మిగతావాళ్లు బాగా పనిచేస్తున్న వాల్వ్‌తోనే వేరే జబ్బుతో పోయి ఉంటారు. మామయ్యగారి వాల్వ్ గట్టిది, అక్కగారిది నాసిది అని మీకు అనిపించడంలో ఈ లెక్కల మాయ కొంత ఉంది. కొంతే సుమా. మిగతాది నిజమైన తేడా, ఎకోలో కళ్లకు కనిపించే తేడా.

దీనికి తోడు మీ ఇంట్లో ఇద్దరి వాల్వ్‌లూ ఒకే చోట లేవు. దీన్ని చాలామంది పట్టించుకోరు. బీపీ చూసినప్పుడు పై అంకె, కింది అంకె అని రెండుంటాయి కదా. అయోర్టిక్ వాల్వ్ మూసుకుని ఆపాల్సింది ఇంచుమించు ఆ కింది అంకె ఒత్తిడిని, అంటే 80ని. మైట్రల్ వాల్వ్ మూసుకునేది గుండె గట్టిగా బిగుసుకున్నప్పుడు. అది ఆపాల్సింది పై అంకెను, 120ని. రోజుకు లక్ష సార్లు ఒకటిన్నర రెట్ల బరువు మోస్తే ఏది ముందు అరుగుతుందో చెప్పక్కర్లేదు. టూర్ డాక్టర్లే తమ మైట్రల్ వాల్వ్‌ల సగటు ఆయుష్షు 16 ఏళ్ల పైచిలుకు అని లెక్కగట్టారు, అయోర్టిక్‌కు అది 19.7. అదీ ఎక్కువగా పెద్ద వయసు వాళ్లలో. ఇక మన దగ్గర కీళ్లవాతపు జ్వరం వల్ల మైట్రల్ వాల్వ్ పోయేది ఇరవైల్లో, ముప్ఫైల్లో. పుస్తకాల్లోని అంకెలు మీ మామయ్యగారి లాంటివాళ్లవి. వాటిని తీసుకొచ్చి మీ అక్కగారికి అతికించడం దగ్గరే నేను ఆ రోజు తప్పు చేసింది.

కొత్త రకం కణజాలాల గురించి కూడా అడుగుతారని తెలుసు. రెసీలియా అని ఒకటుంది. కాల్షియం పట్టుకునే ఆ మిగులు కొసలను ముందే మూసేస్తారు. అయోర్టిక్ చోట 7 ఏళ్ల ఫలితాలు చాలా బాగున్నాయి, నూటికి 99 మందికి పైగా వాల్వ్ అరగలేదు. కానీ ఆ పరీక్షలో సగటు వయసు 67 దగ్గర. 67లో 7 ఏళ్లు ఏ మంచి బయోవాల్వ్ అయినా దాదాపు అలాగే వస్తుంది. పాతికేళ్లవాళ్లలో 15 ఏళ్ల ఫలితం వచ్చేదాకా దాని పేరు చెప్పి ఎక్కువ డబ్బు పెట్టమని నేనైతే అనను.

ఇక మెకానికల్ వాల్వ్, మనవాళ్లు మెటల్ వాల్వ్ అంటారు. ఇప్పుడు ఎక్కువగా వాడే రెండు తలుపుల రకం 1977లో మొదటిసారి మనిషికి వేశారు. తలుపులు పైరోలిటిక్ కార్బన్‌వి. మన దేశంలో తయారైన చిత్ర వాల్వ్‌ను తిరువనంతపురంలో శ్రీచిత్ర సంస్థ రూపొందించింది, మొదటిసారి 1990 డిసెంబర్‌లో వేశారు. ఇది ఒకే బిళ్ల వాలుతూ తెరుచుకునే రకం. వీటిలో కాల్షియం పట్టడానికి కణజాలమే లేదు కాబట్టి వయసు వచ్చి వాటిని అరగదీయలేదు. కుర్రవాడిలోనైనా ముసలివాడిలోనైనా పదార్థం మనిషి కంటే ఎక్కువ కాలం ఉంటుంది. రాత్రి ఇల్లు సద్దుమణిగాక పక్కన పడుకున్నవాళ్లకు కూడా టిక్ టిక్ వినిపిస్తుంది. కొత్తలో నిద్ర పట్టదంటారు, ఏడాది తిరిగేసరికి ఆ చప్పుడు లేకపోతే భయమేస్తుందంటారు.

దాని ఖరీదు వేరే చోట కట్టాలి. గడ్డకట్టకుండా జీవితాంతం వార్ఫరిన్ గానీ ఎసిట్రోమ్ గానీ వేసుకోవాలి, ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చెప్పే టెస్టు) చూపించుకుంటూ ఉండాలి. మైట్రల్ చోటైతే 3 చుట్టుపక్కల, అంటే 2.5 నుంచి 3.5 మధ్య. తక్కువైతే గడ్డ, ఎక్కువైతే రక్తస్రావం. పెద్ద రక్తస్రావం ఏడాదికి నూటికి ఒకరిద్దరిలో వస్తుంది. ఇక్కడ వయసు లెక్క తలకిందులవుతుంది. 34లో మొదలుపెట్టినవాళ్లకు ఆ చిన్న ప్రమాదం నలభై ఏళ్లు కూడుతూ పోతుంది. టెస్టుల గొడవ లేని కొత్త మాత్రలున్నాయట కదా అని మీకు ఎవరైనా చెప్పవచ్చు. మెకానికల్ వాల్వ్‌కు అవి వద్దు. డాబిగాట్రాన్‌తో చేసిన పరీక్షను గడ్డలు, రక్తస్రావాలు ఎక్కువై మధ్యలోనే ఆపేశారు. తర్వాత అపిక్సబాన్‌తో చేసినదీ గడ్డలు ఎక్కువై మధ్యలోనే ఆగింది. గోంగూర, మునగాకు మానేయమని కూడా నేను చెప్పను. వారానికి ఎంత తింటున్నారో అంతే తినండి, మాత్ర మోతాదును దానికి తగ్గట్టు మేం సర్దుతాం. పండక్కి ఒకేసారి గంగాళం తినేసి తర్వాత నెల ముట్టకపోవడంతోనే చిక్కు.

25వ ఏట అక్కగారికి ఇది ఎందుకు వేయలేదో కూడా ఇప్పుడు అర్థమవుతుంది. వార్ఫరిన్ రకం మాత్రలు గర్భంలో మొదటి మూడు నెలల్లో, ముఖ్యంగా 6 నుంచి 12 వారాల మధ్య బిడ్డకు హాని చేయగలవు. వాటి బదులు ఇంజెక్షన్లకు మారితే తల్లి వాల్వ్‌కు గడ్డ భయం. పెళ్లి కావాల్సిన అమ్మాయికి బయోవాల్వ్ వేసిన సర్జన్, అది తొందరగా పోతుందని తెలిసే వేసి ఉంటారు. ఆ మాట మీ ఇంట్లో అర్థమయ్యేలా చెప్పారో లేదో నాకు తెలియదు. చెప్పకపోతే అది తప్పే, కానీ వాల్వ్ తప్పు మాత్రం కాదు. ఆ 9 ఏళ్లలో ఇద్దరు పిల్లలు పుట్టారు.

ఈసారి సంగతి. ఆపరేషన్‌కు సంతకం పెట్టే ముందు మూడు సంగతులు తేల్చుకున్నారా అని మీ డాక్టర్‌ని అడగండి. నిజంగా రెక్కలు అరిగాయా, లేక వాటి మీద గడ్డ కట్టి కదలడం లేదా? గడ్డ అయితే రక్తం పలచబడే మందుతోనే తేరుకోవచ్చు. జ్వరం, చలి ఏమైనా వచ్చాయా, వాల్వ్‌కు ఇన్ఫెక్షన్ కాదు కదా? అలా అయితే బ్లడ్ కల్చర్ చేయకుండా ముందుకు వెళ్లకూడదు. గొంతులోంచి చేసే ఎకో చేశారా? మైట్రల్ వాల్వ్ గుండె వెనక వైపు ఉంటుంది, ఛాతీ మీంచి చూస్తే సగమే కనిపిస్తుంది.

అరిగిందే అని తేలితే, 34 ఏళ్లు, ఇక పిల్లలు వద్దనుకుంటున్నారని రాశారు, చెన్నైలోనే ఉంటున్నారు, ఐఎన్ఆర్ ల్యాబ్ వీధికొకటి ఉంది. ఈ పరిస్థితిలో నా ఓటు మెకానికల్‌కే. అమెరికా వాళ్ల 2020 సూచనల్లో మైట్రల్‌కు 65 లోపు మెకానికల్ వైపు మొగ్గు, అయోర్టిక్‌కు 50 లోపు. కాలిఫోర్నియా రికార్డులతో 2017లో వచ్చిన పరిశీలనలో మైట్రల్ చోట మెకానికల్ వేయించుకున్నవాళ్లు బతికే అవకాశం 70 ఏళ్ల వయసు దాకా మెరుగ్గా ఉంది. అయోర్టిక్‌లో ఆ లాభం 55 దగ్గరే ఆగిపోయింది.

తొడ దగ్గర నుంచి గొట్టం పంపి పాత బయోవాల్వ్ లోపలే కొత్తది పెట్టే పద్ధతి గురించి మీరు అడిగారు. అది నిజంగానే మంచి పద్ధతి, పెద్దవాళ్లకు. 34 ఏళ్లవాళ్లకు మళ్ళీ అదే కణజాలం, అదీ ఇంకా ఇరుకైన దారిలో. సమస్యను కొన్నేళ్లు వాయిదా వేసినట్టే తప్ప తీర్చినట్టు కాదు. గుండె బాగా బలహీనపడి రెండోసారి ఛాతీ తెరవడం ప్రమాదమైతే తప్ప నేను ఒప్పుకోను.

అయితే ఇదే అక్కగారు టెస్టు కోసం రెండు బస్సులు మారాల్సిన ఊళ్లో ఉంటే నా సలహా ఇంత గట్టిగా ఉండేది కాదు. మాత్రలు అయిపోయి, కొనడానికి ఎవరూ లేక, నెల తర్వాత తలుపు బిగుసుకుపోయి అంబులెన్స్‌లో వచ్చినవాళ్లను చూశాను. "చప్పుడు ఆగిపోయింది డాక్టరుగారూ" అని భార్య చెప్పింది ఒకసారి, అంతకంటే కచ్చితమైన రిపోర్టు ఉండదు. అలాంటివాళ్లకు 45లో కూడా, పదేళ్లకు మళ్ళీ ఆపరేషన్ అని చెప్పి మరీ, బయోవాల్వ్‌నే సమర్థించాను. సూచనల్లోని వయసులన్నీ ల్యాబ్ అందుబాటులో ఉందనుకుని రాసినవి.

మామయ్యగారి సంగతి మరిచిపోవద్దు. బాగున్నారు కదా అని ఎకో మానేసి ఉంటారని నా అనుమానం, 12 ఏళ్లు దాటిన బయోవాల్వ్‌కు ఏడాదికోసారి తప్పనిసరి. ఎకో రిపోర్టులోని గ్రేడియెంట్ అంకెను (వాల్వ్‌కు అటూ ఇటూ ఉన్న ఒత్తిడి తేడా) పోయినసారిదానితో పోల్చి చూడమనండి, 10 పెరిగి 20 దాటితే ఆయాసం లేకపోయినా ఆలోచించాలి. ఆయన వయసుకు ఆ గొట్టం పద్ధతి చక్కగా సరిపోతుంది, కాకపోతే లోపల ఉన్న వాల్వ్ సైజు 19నా, 21నా, 23నా అన్నది కావాలి. డిశ్చార్జ్ రోజున ఇచ్చిన వాల్వ్ కార్డు మీద మోడల్, సైజు, సీరియల్ నంబర్ ఉంటాయి. మీ నాసిరకం అనుమానం గురించి కూడా అక్కగారి కార్డులోని సీరియల్ నంబర్‌తో కంపెనీని అడగవచ్చు. చాలా ఇళ్లలో అది బీరువాలో పట్టుచీరల కింద దొరుకుతుంది. ఇద్దరివీ వెతికి, ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.